జారిపడిన తుపాకీ ఎందుకు పేలుతుంది?

2024 అక్టోబర్ 1. ముంబయిలో ఇంకా తెల్లవారలేదు. కోల్‌కతా విమానం అందుకోవడానికి బయల్దేరుతున్న హిందీ నటుడు గోవిందా తన లైసెన్సు రివాల్వర్‌ను అల్మారాలో పెట్టబోయారు. అది చేతిలోంచి జారి నేల మీద పడి పేలింది. గుండు ఆయన కాలిలో దిగింది. ఆయన మేనేజరు పత్రికలకు చెప్పిన వివరమిది. డాక్టర్లు గుండు తీసేశారు, కొద్ది రోజుల్లో ఆయన ఇంటికి చేరారు. వార్త చదివిన చాలామందికి ఒకటే సందేహం వచ్చింది. ట్రిగ్గర్ మీద వేలే లేకపోతే తుపాకీ ఎలా పేలుతుంది? పడితే పేలేటట్టు దాన్ని అసలు ఎందుకు తయారు చేశారు?

అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు వెతుకుతూ తుపాకులు చేసేవాళ్లు నూట యాభై ఏళ్లు శ్రమపడ్డారు. ఎవరూ ట్రిగ్గర్ నొక్కకపోతే పేలకుండా ఆపగల ఏర్పాట్లు ఈ రోజు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. కానీ ట్రిగ్గర్ మీద పడిన వేలు కావాలని పడిందో పొరపాటున పడిందో పోల్చుకోగల ఏర్పాటును ఇంతవరకూ ఎవరూ చెయ్యలేకపోయారు. ఆ పని తుపాకీ పట్టిన మనిషిదే. ఈ రెండు బాధ్యతల్లో ఏది ఎవరిదో తెలియకపోవడం వల్లే ఎక్కువ ప్రాణాలు పోతున్నాయి.

ముందు తూటా సంగతి. ఇత్తడి గొట్టం, దాని మూతిలో బిగించిన బుల్లెట్, లోపల మందు, అడుగున సరిగ్గా మధ్యలో చిన్న లోహపు మూత. ఆ మూతనే ప్రైమర్ అంటారు. అందులో ఉండేది దెబ్బ తగిలితే మండే రసాయనం, ఎక్కువగా లెడ్ స్టిఫ్నేట్. తుపాకీలోని ఫైరింగ్ పిన్ అనే సన్నటి ముల్లు ప్రైమర్‌ను గట్టిగా పొడిచినప్పుడు ఆ రసాయనం నలిగి రగులుతుంది. ఆ మంట లోపలి మందుకు అంటుకుంటుంది. వచ్చిన వాయువు బుల్లెట్‌ను తోసేస్తుంది. మన పోలీసుల పిస్తోళ్లలో వాడే 9 మిల్లీమీటర్ల తూటాలో బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు. తుపాకీ గొట్టం దాటేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. పిన్ తగలడానికీ బుల్లెట్ బయటపడడానికీ మధ్య కనురెప్ప వేసేంత వ్యవధి కూడా ఉండదు. ప్రైమర్‌కు తెలిసిందల్లా దెబ్బ. అది ట్రిగ్గర్ నుంచి వచ్చిందా, గచ్చు నేల నుంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు. కాబట్టి తుపాకీ భద్రత అంటే, అనుకోని దెబ్బ ఆ మూత దాకా చేరకుండా దారి మూయడమే.

పాత రివాల్వర్లలో ఆ దారి బార్లా తెరిచి ఉండేది. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీని తీసుకోండి. కౌబాయ్ సినిమాల్లో నడుముకు వేలాడేది అదే. ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు పడే సుత్తిలాంటి దాని హ్యామర్ ముక్కుకే ఫైరింగ్ పిన్ బిగించి ఉంటుంది. హ్యామర్‌ను కిందికి దించి పెడితే పిన్ మొన నేరుగా తూటా ప్రైమర్‌కు ఆని ఉంటుంది. తుపాకీ జారి, వెనక పొడుచుకొచ్చిన హ్యామర్ కొన నేలకు కొట్టుకుంటే ఆ దెబ్బ మొత్తం ప్రైమర్ మీదికే పోతుంది. హ్యామర్‌ను కాస్త వెనక్కి లాగి నిలిపేందుకు ఒక గంటు ఉంది గానీ, అక్కడ భారం మోసే ట్రిగ్గర్ కొన చాలా పలచన. గట్టిగా పడితే విరుగుతుంది. ఇంకో సంగతి గమనించాలి. హ్యామర్ వైపు నేలకు తగిలిందంటే గొట్టం పైకి చూస్తోందని అర్థం. ఆ తుపాకీని జారవిడిచిన మనిషి నిలబడి ఉన్నది సరిగ్గా అటువైపే.

అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో పేరు మోసిన పోలీసు అధికారి వ్యాట్ ఎర్ప్‌కు 1876 జనవరిలో ఇదే జరిగింది. కాన్సస్‌లోని విచిటా పట్టణంలో ఒక గదిలో కుర్చీలో కూర్చుని ఉండగా ఆయన రివాల్వర్ ఒరలోంచి జారి పడి పేలింది. గుండు ఆయన కోటును చీల్చుకుని పైకప్పులోకి పోయింది. స్థానిక పత్రిక ఆ సంగతి అచ్చు వేసింది. అనుభవజ్ఞులు దీనికి కనిపెట్టిన విరుగుడు చాలా సాదాది: ఆరు తూటాల రివాల్వర్‌లో ఐదే నింపి, హ్యామర్ కింద ఖాళీ గది ఉండేటట్టు చూసుకోవడం. ఆ కాలపు నమూనా రివాల్వర్ల విషయంలో ఈ రోజుకీ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

అది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 2021 అక్టోబర్‌లో న్యూ మెక్సికోలో 'రస్ట్' సినిమా చిత్రీకరణలో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణం తీసింది ఆ కోల్ట్‌కు ఇటలీలో తయారైన నకలే. ఎఫ్‌బీఐ ప్రయోగశాలలో దాన్ని పరీక్షించినప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి ఉంటే, ట్రిగ్గర్ నొక్కందే పేలలేదు. హ్యామర్ దించి ఉన్నప్పుడు దాని మీద నేరుగా కొడితే మాత్రం ట్రిగ్గర్‌తో పని లేకుండా ప్రైమర్ పేలింది. ఈ రకం రివాల్వర్‌కు అది లోపం కాదు, సహజగుణం. అయితే ఆ విషాదానికి మూలం యంత్రంలో లేదు. ఉత్తుత్తి తూటాలే ఉండాల్సిన చోటికి అసలు తూటా వచ్చింది. తెరిచి చూడాల్సినవాళ్లు సరిగా చూడలేదు. గొట్టం మనుషుల వైపు తిరిగింది. ఆయుధాల బాధ్యత చూసిన ఉద్యోగికి 2024లో శిక్ష పడింది.

దెబ్బకు దారి మూసే ఏర్పాట్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది ట్రాన్స్‌ఫర్ బార్. ఇందులో హ్యామర్‌కు పిన్ ఉండదు. పిన్ విడిగా తుపాకీ ఒంట్లో ఉంటుంది. హ్యామర్ ముందుకు వచ్చినా దాని ముఖం ఫ్రేముకు తగిలి ఆగిపోతుంది తప్ప పిన్‌ను అందుకోదు. రెంటికీ నడుమ చిన్న ఖాళీ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు మాత్రం ఒక ఉక్కు పలక పైకి లేచి ఆ ఖాళీలో నిలబడుతుంది, పంట కాలువ మీద దాటడానికి దుంగ వేసినట్టు. హ్యామర్ దెబ్బ ఆ పలక మీద పడి పిన్‌కు చేరుతుంది. వేలు తీయగానే పలక దిగిపోతుంది, దారి తెగిపోతుంది. నేల మీద పడ్డా, హ్యామర్ మీద సుత్తితో కొట్టినా దెబ్బ దాటడానికి అక్కడ ఏమీ ఉండదు. ఐవర్ జాన్సన్ అనే అమెరికన్ కంపెనీ పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఈ పద్ధతి వాడి, హ్యామర్ మీద సుత్తితో కొట్టి చూసుకోండని ప్రకటనలు వేసింది. తెలిసిన విద్యే అయినా అందరూ అందుకోవడానికి దశాబ్దాలు పట్టింది. కౌబాయ్ తరహా రివాల్వర్లు చేసే రూగర్ కంపెనీ దీన్ని 1973లో చేర్చింది. అప్పటికే జనం చేతుల్లో ఉన్న పాత రివాల్వర్లకు ఉచితంగా అమరుస్తామని 1982లో ప్రకటించింది.

స్మిత్ అండ్ వెసన్ మరో దారి పట్టింది. వాళ్ల రివాల్వర్లో హ్యామర్‌కూ ఫ్రేముకూ మధ్య ఒక ఉక్కు ముక్క అడ్డుగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితేనే అది తప్పుకుంటుంది. ఈ అడ్డు ఇప్పటి రూపానికి రావడానికి ఒక ప్రాణం పోయింది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944లో, అమెరికా యుద్ధనౌక ఉక్కు డెక్కు మీద ఒక రివాల్వర్ పడి పేలి నావికుడు చనిపోయాడు. అందులో అడ్డు లేకపోలేదు. స్ప్రింగు మీద ఆధారపడిన ఆ పాత అడ్డు ఆ క్షణంలో తన పని చెయ్యలేదు. కంపెనీ వెంటనే రూపకల్పన మార్చి, ట్రిగ్గర్ కదిలితే తానూ కదిలి తీరే అడ్డును అమర్చింది. ఇంజినీరింగు చదివే పిల్లలకు చెప్పాల్సిన పాఠమిది. భద్రతా ఏర్పాటు ఉండడం వేరు, జిడ్డు పట్టినా స్ప్రింగు అలసినా అది పనిచెయ్యడం వేరు.

పిస్తోలు కథ ఇంకాస్త చిక్కు. రివాల్వర్లో తూటాలు తిరిగే సిలిండర్లో కంటికి కనిపిస్తాయి. పిస్తోలులో అవి పిడిలోని మ్యాగజీన్‌లో ఉంటాయి, పేలబోయే ఒక్కటి గొట్టం మొదట్లోని ఛాంబర్‌లో దాక్కుని ఉంటుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్తోలుకు రెండు భద్రతలున్నాయి. అరచేతితో పిడిని గట్టిగా పట్టుకుంటే తప్ప ట్రిగ్గర్‌ను కదలనివ్వని మీట ఒకటి. బొటనవేలితో పైకెత్తి బిగించే సేఫ్టీ క్యాచ్ రెండోది. ఒక చేత్తో కళ్లెం పట్టుకున్న గుర్రపు రౌతు రెండో చేత్తోనే పిస్తోలును పేలకుండా బిగించుకోగలగాలని అశ్వికదళం కోరడంతో ఆ రెండోది చేరింది. రెండూ బాగా పనిచేస్తాయి. కానీ ఈ రెండూ కాపలా కాసేది ట్రిగ్గర్‌నూ హ్యామర్‌నూ. ఫైరింగ్ పిన్ మాత్రం తన గొట్టంలో ఒక స్ప్రింగు ఆనికతో వదులుగానే ఉంటుంది.

అది ఎందుకు ప్రమాదమో చూడండి. మీటరు ఎత్తు నుంచి పడే వస్తువు నేలను తాకేసరికి గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పిస్తోలు గొట్టం కిందికి చేసి పడిందనుకుందాం. నేల తగలగానే పిస్తోలు ఆగుతుంది, లోపలి పిన్ ఆగదు. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డ ప్రయాణికులు ముందుకు తూలడానికి కారణమైన జడత్వమే ఇక్కడా పనిచేస్తుంది. పిన్ బరువు, స్ప్రింగు బలం, పడిన ఎత్తు, ఈ మూడూ కలిసి అది ప్రైమర్‌ను చేరుతుందా లేదా అన్నది తేలుస్తాయి. కొందరు తయారీదారులు పిన్‌ను తేలికైన టైటానియంతో చేసి స్ప్రింగు బలం పెంచారు. మరికొందరు పిన్‌కు అడ్డంగా చిన్న గడి పెట్టి, ట్రిగ్గర్ చివరిదాకా నొక్కితేనే అది తొలగేటట్టు చేశారు. కోల్ట్ తన 1911 పిస్తోలుకు 1983లో అలాంటి గడినే చేర్చింది. అంతకుముందు ఏడాదే ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17లో కూడా పిన్‌కు గడి ఉంది. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి రెక్క ఒకటి ఉంది. వేలు సరిగ్గా ముందు నుంచి పడితేనే రెక్క అణిగి ట్రిగ్గర్ కదులుతుంది. పక్క నుంచి ఒరుసుకుంటే కదలదు. బయట వేరే సేఫ్టీ క్యాచ్ లేదు.

పడితే పేలుతుందా లేదా అన్నది పరీక్షించకుండా అమ్మనివ్వడం వింతగా అనిపించవచ్చు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూడడానికి 1972లో ఏర్పాటైన కమిషన్ పరిధిలో పిల్లల బొమ్మ తుపాకులున్నాయి, అసలు తుపాకులు లేవు. వాటిని చట్టమే మినహాయించింది. ఆ లోటును కాలిఫోర్నియా రాష్ట్రం కొంతమేరకు పూడ్చింది. అక్కడ 2001 నుంచి కొత్త చేతి తుపాకీ ఏదైనా మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీదికి ఆరు రకాల భంగిమల్లో పడేసి చూస్తారు. పేలితే అమ్మకం లేదు.

అయినా ఏ పరీక్షా అన్ని కోణాలనూ పట్టుకోలేదు. 2017లో సిగ్ సావర్ పి320 పిస్తోలు ఆ సంగతి చూపించింది. అదే ఏడాది జనవరిలో అమెరికా సైన్యం ఎంచుకున్నది ఆ పిస్తోలు తరహానే. వెనక భాగం ఒక ప్రత్యేక కోణంలో నేలను తాకేటట్టు పడితే ఆ పిస్తోలు పేలుతోందని ఆగస్టు నాటికి బయటివాళ్ల పరీక్షల్లో తేలింది. కారణం ట్రిగ్గరే. పిస్తోలు ఆగినా, కాస్త బరువైన ఆ ట్రిగ్గర్ జడత్వంతో వెనక్కి పోయింది. ఎవరో వేలితో లాగినట్టే. పిన్‌కున్న గడి ట్రిగ్గర్ మాట వింటుంది కనుక తొలగిపోయింది. ఏ భాగమూ చెడిపోలేదు, ప్రతిదీ తనకు చెప్పిన పని చేసింది. కంపెనీ తేలికైన ట్రిగ్గర్‌తో ఉచిత మార్పు ప్రకటించింది. యంత్రంలోని కాపలాదారులందరూ ఒకే యజమాని మాట వింటుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక వేలి సంగతి. కొలరాడో విశ్వవిద్యాలయ శరీర ధర్మ శాస్త్రవేత్త రోజర్ ఎనోకా 2003లో అనుకోకుండా తుపాకీ పేలే సందర్భాలను కండరాల వైపు నుంచి పరిశీలించారు. వేలు మన ప్రమేయం లేకుండా ముడుచుకోవడానికి ఆయన మూడు దారులు చూపారు. ఉలిక్కిపడడం ఒకటి. కాలు జారి తూలినప్పుడు చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని బిగుసుకోవడం రెండోది. మూడోది అంతగా తెలియనిది: ఒక చేత్తో గట్టిగా పట్టుకుంటే రెండో చేతి కండరాలు కూడా కొంత బిగుసుకుంటాయి. పోలీసు ఎడమ చేత్తో పారిపోతున్న మనిషి చొక్కా పట్టుకున్నాడు, కుడి చేతిలో పిస్తోలు ఉంది, వేలు ట్రిగ్గర్ మీద ఉంది అనుకోండి. ఎడమ చేతి పట్టు కుడి చేతిలో ట్రిగ్గర్ లాగుతుంది. మామూలు పిస్తోలు ట్రిగ్గర్‌కు రెండున్నర కిలోల లాగుడు చాలు. పెద్దవాళ్ల పిడికిలి బలం ముందు అది ఎంత?

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు పిస్తోలుకు సెన్సర్లు అమర్చి పోలీసులతో ప్రయోగం చేశారు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచమనే చెప్పారు. కొందరి వేలు మధ్యలో ట్రిగ్గర్‌ను తాకింది. తాకిందని వాళ్లకే తెలియలేదు. శిక్షణ పొందినవాళ్లు వాళ్లు. ఈ ఒక్క ఫలితం చాలు, 'నా చెయ్యి నా అదుపులోనే ఉంటుంది' అనే ధీమా ఎంత ప్రమాదమో తెలియడానికి.

అందుకే చూపుడు వేలును ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు లోపల కాకుండా బయట, తుపాకీ ఒంటి మీద నిటారుగా చాపి ఉంచాలంటారు. గార్డు అంచున పెట్టడం చాలదు. ఉలిక్కిపడి పిడికిలి బిగిస్తే అంచున ఉన్న వేలు లోపలికే జారుతుంది. ఎత్తుగా చాపిన వేలు ముడుచుకున్నా ఫ్రేమునే నొక్కుతుంది. మన సినిమాల్లో హీరో, విలన్ ఇద్దరూ మాట్లాడుతున్నంతసేపూ వేలు ట్రిగ్గర్ మీదే పెట్టుకుని తుపాకీ అటూ ఇటూ ఆడిస్తారు. చిన్నప్పటి నుంచి అదే చూసిన చేతికి మొదటిసారి తుపాకీ ఇస్తే వేలు తిన్నగా అక్కడికే పోతుంది. సినిమావాళ్లు ఈ ఒక్కటి మార్చుకుంటే పెద్ద మేలు చేసినవాళ్లవుతారు.

ట్రిగ్గర్‌ను బరువుగా చేస్తే సరిపోదా అని న్యూయార్క్ పోలీసు శాఖ ప్రయత్నించింది. వాళ్ల పిస్తోళ్ల ట్రిగ్గర్‌ను 12 పౌండ్ల దాకా, అంటే దాదాపు ఐదున్నర కిలోలకు పెంచారు. పొరపాట్లు తగ్గవచ్చు గానీ, అంత గట్టిగా లాగితే గురి చెదురుతుంది. తప్పిన గుండు దారిన పోయేవాళ్లకు తగులుతుంది. దీనికి పూర్తి విరుద్ధమైనది క్రీడా షూటింగు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో ట్రిగ్గర్ బరువు కిలో ఉంటే చాలు, 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుకైతే అర కిలోనే. ఊపిరి తగిలితే కదిలేటట్టుంటాయి. అయినా అక్కడ ప్రమాదాలు అరుదు. గొట్టం ఎప్పుడూ లక్ష్యాల వైపే ఉంటుంది. అధికారి ఆజ్ఞ లేకుండా తూటా నింపరు. కాల్చడం అయ్యాక ఛాంబర్లో కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ప్లాస్టిక్ పుల్ల దూర్చి పెడతారు. అది బయటికి కనిపిస్తోందంటే ఛాంబర్ ఖాళీ. దూరం నుంచి చూసినవాళ్లకూ తెలుస్తుంది. ట్రిగ్గర్ ఎంత తేలికైనా తప్పు జరగడానికి మిగతా దారులన్నీ అక్కడ మూసి ఉంచుతారు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్తలు తెలుగు పత్రికల్లో వచ్చాయి. శుభ్రం చేసే తుపాకీ పేలడమేమిటని విన్నవాళ్లు అనుమానపడతారు. పేలుతుంది. ఎలాగో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు ఒకే రకంగా మళ్లీ మళ్లీ జరుగుతోంది.

పిస్తోలు పిడిలోంచి మ్యాగజీన్ లాగేస్తే తుపాకీ ఖాళీ అయిందనిపిస్తుంది. ఛాంబర్లో ఉన్న తూటా అక్కడే ఉంటుంది. ఇంకో తప్పు దీనికన్నా మోసకారిది. ముందు పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లయిడ్‌ను వెనక్కి లాగుతారు. ఛాంబర్లోని తూటా ఎగిరి బల్ల మీద పడుతుంది. ఖాళీ అయిందని తృప్తి. స్లయిడ్ ముందుకు పోతూ పోతూ మ్యాగజీన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్లోకి తోసేస్తుంది. ఆ తర్వాత మ్యాగజీన్ తీస్తారు. ఇప్పుడు చేతిలో మ్యాగజీన్ ఉంది, బల్ల మీద తూటా ఉంది, ఛాంబర్లో మరో తూటా ఉంది. గ్లాక్ లాంటి పిస్తోళ్లను విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కుతారు.

వరుస ఎప్పుడూ ఇదే: గొట్టం ప్రమాదం లేని దిక్కుకు తిప్పి, వేలు బయట ఉంచి, ముందు మ్యాగజీన్ తీయాలి. తర్వాత స్లయిడ్‌ను రెండు మూడుసార్లు పూర్తిగా లాగాలి. ఆపైన స్లయిడ్‌ను వెనక్కి నిలిపి ఛాంబర్లోకి చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. చీకట్లో కళ్లు మోసపోతాయి, వేలు మోసపోదు. తూటాలన్నీ ఇంకో గదిలో పెట్టొచ్చాకే నూనె, గుడ్డ తియ్యాలి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి అన్ని గదులూ లెక్కపెట్టాలి. ఖాళీ చేశామని ఒకరు చెప్పి ఇచ్చినా, తీసుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచీ చూసుకోవాలి. ఎదుటివాళ్ల మీద నమ్మకం లేక కాదు, పద్ధతి అది.

1935 నాటి బ్రౌనింగ్ హై పవర్‌లో మ్యాగజీన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచెయ్యకుండా చేసే ఏర్పాటు ఉంది. బెంగాల్‌లోని ఈషాపూర్ ఫ్యాక్టరీ చేసే 9 మి.మీ. పిస్తోలుకు మూలం ఆ హై పవరే. మంచి ఏర్పాటే గానీ నాకు దాని మీద ఒక అభ్యంతరం ఉంది. అలాంటి పిస్తోలుకు అలవాటు పడ్డ మనిషి రేపు గ్లాక్ పట్టుకుంటే, మ్యాగజీన్ తీశాను కదా అని ట్రిగ్గర్ నొక్కుతాడు. యంత్రాన్ని నమ్మి నేర్చుకున్న అలవాటు యంత్రం మారినప్పుడు పగబడుతుంది.

చేతిలోంచి తుపాకీ జారితే పట్టుకోవాలని చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. అదీ వద్దు. 2008 నవంబర్‌లో న్యూయార్క్ నైట్‌క్లబ్బులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ నడుము దగ్గర దోపుకున్న గ్లాక్ ప్యాంటులోకి జారింది. పట్టుకోబోయాడు, అది పేలి తొడలో గుండు దిగింది. లైసెన్సు లేని తుపాకీ కావడంతో జైలుకూ వెళ్లాడు. ఆధునిక పిస్తోలు పడితే పేలకుండా ఉండేందుకే ఇంత యంత్రాంగం పెట్టారు. గాల్లో తడుముకునే వేళ్లు మాత్రం ట్రిగ్గర్‌లోనే దూరతాయి. పడనివ్వాలి.

అరిజోనాలో 1976లో గన్‌సైట్ శిక్షణ కేంద్రం పెట్టిన జెఫ్ కూపర్ చెప్పిన సూత్రాలను ప్రపంచమంతటా పాటిస్తారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోమన్నారాయన. చంపదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పొద్దన్నారు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్‌కు దూరం, లక్ష్యం ఏమిటో దాని వెనక ఏముందో తెలియాలి. వీటిలో నేను గొట్టం దిక్కునే అన్నిటికన్నా ముందు పెడతాను. గడి విరిగినా, వేలు జారినా, ఛాంబర్ చూసుకోవడం మరిచినా, గొట్టం మనిషి వైపు లేకపోతే ఎవరూ చావరు. ఫ్లాట్లలో ఇది కష్టం. పైన ఒక కుటుంబం, కింద ఒకటి, గోడ అవతల మరొకటి. పోలీసు ఠాణాల్లో, క్యాంపుల్లో ఇసుక నింపిన డ్రమ్ము వైపు గొట్టం పెట్టి తుపాకీ ఖాళీ చేయించడం అందుకే. ఇంట్లోనూ నిండా ఇసుక ఉన్న పెద్ద డబ్బా ఒక మూల పెట్టుకోవడం ఖర్చులేని పని.

ఇంత చెప్పినా ఒక గుంపు మనుషులకు ఈ జాగ్రత్తలేవీ వర్తించవు. పిల్లలు. స్మిత్ అండ్ వెసన్ 1887లోనే పిడి వెనక మీట గట్టిగా నొక్కితే తప్ప పేలని రివాల్వర్ తెచ్చింది. చిన్న చేతులకు అంత పట్టు ఉండదన్నది అందులోని ఆలోచన. 1991లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ ప్రమాదవశాత్తు జరిగిన తుపాకీ మరణాలను పరిశీలించి ఒక లెక్క తేల్చింది. పసిపిల్లలు నొక్కలేని ఏర్పాటు, ఛాంబర్లో తూటా ఉందని బయటికి చూపే గుర్తు, ఈ రెండూ ఉంటే 31 శాతం మరణాలు తప్పేవి. ఆ దేశంలోనే 2003 నుంచి 2021 దాకా వివరాలు సేకరించిన కేసుల్లో 1,262 మంది పిల్లలు, కౌమారులు ఇలా చనిపోయారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ నివేదించింది. అందులో దాదాపు 85 శాతం ఇళ్లలోనే. తుపాకీ ఎలా దాచారో తెలిసిన కేసుల్లో నాలుగింట మూడు వంతులు తాళం లేనివి, దాదాపు అదే వంతు తూటాలు నింపి ఉన్నవి. ఈ అంకెలు చదివాక, పిల్లలకు కనబడకుండా పైన పెట్టాం అన్న మాట నా చెవికి ఎక్కదు. అల్మారా పై అర ఎక్కడుందో, తాళంచెవి ఏ గిన్నెలో ఉందో పిల్లలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

మన దగ్గర లైసెన్సు తుపాకులు తక్కువే. కానీ ఉన్నవాటిలో పాతవి చాలా. తాత పేరు మీద లైసెన్సు ఉండి, బీరువాలో పట్టుబట్టల కింద దశాబ్దాలు పడున్న రివాల్వర్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. వాటి లోపల అడ్డు ఉందో లేదో, స్ప్రింగు బతికుందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటిదాన్ని హ్యామర్ కింద తూటా పెట్టి దాచడమంటే ఎర్ప్ కుర్చీలో కూర్చోవడమే. కొత్తగా లైసెన్సు కోరేవాళ్లు సురక్షితంగా వాడే శిక్షణ పొందాలని 2016 నాటి ఆయుధ నియమాలు చెబుతున్నాయి. వారసులకు ఆ శిక్షణ ఉండదు. యజమాని పోయాక ఆలస్యం చెయ్యకుండా తుపాకీని, తూటాలను దగ్గరి పోలీసు ఠాణాలోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ అంటుంది. అది కాగితం కోసం పెట్టిన నిబంధన అనుకోకూడదు. తెలియని చేతుల్లోంచి ఆ ఇనుమును బయటికి తెచ్చే దారి అదొక్కటే.

తెరవడం రాకపోతే తెరిచే ప్రయత్నం కూడా చెయ్యకూడదు. ఠాణాకు ఫోను చేసి, తెలిసిన మనిషిని పంపమని అడగడం అన్నిటికన్నా మేలు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సుదారులు ఠాణాల్లో ఆయుధాలు జమ చేస్తారు. ఏడాదుల తరబడి ముట్టుకోని తుపాకీ బీరువా దాటేది చాలా ఇళ్లలో ఆ ఒక్కసారే. ఆ రోజు దాన్ని నడుముకు దోపుకుని మోటారు సైకిలెక్కకుండా, ఇంట్లోనే ఖాళీ చేసి, సిలిండర్ తెరిచి ఉంచి, పెట్టెలో పెట్టి తాళం వేసి, తూటాలు వేరే సంచిలో వేసుకుని వెళ్లాలి. ఠాణా గుమ్మంలో రైటరు చేతికి ఇచ్చేటప్పుడు గొట్టం నేల వైపు ఉంచి, తెరిచిన సిలిండర్ ఆయనకు చూపించాలి. ఆయన చూశాకే చెయ్యి వదలాలి.